హుద్‌హుద్‌లో పోగా మిగిలిన తొమ్మిది డిస్కులు

టీవీకి తగిలించి ఆటలాడుకునే మా పాత ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్‌ని హుద్‌హుద్ తుపాను తీసుకుపోయింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు మాది. హాలు కిటికీ రెక్క ఊడి వీధిలో పడింది, వాన అడ్డంగా ఇంట్లోకి కొట్టింది. పరుపులు, బియ్యం బస్తా, అమ్మ కుట్టుమిషను లోపలి గదిలోకి లాగాం. టీవీ మీద దుప్పటి కప్పాం. టీవీ కింద అరలో ఉన్న ఆ డబ్బా మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. వారం దాటాక కరెంటు వచ్చింది. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొన్నాళ్ళు అలాగే ఉంచి, చివరికి పాత సామాన్లవాడికి ఇచ్చేశాం.

డిస్కులు బతికాయి. అది మా తెలివి కాదు. తమ్ముడు అప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాడు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అమ్మ ఓ రోజు తొమ్మిది డిస్కులూ ఏరి, ఇనప బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసేసింది. ‘సదువు పూర్తయ్యాక అడుగు, ఇస్తాను’ అంది. వాడి చదువు పూర్తయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కూడా అయింది. డిస్కులు బీరువాలోనే ఉండిపోయాయి.

2022 ఫిబ్రవరిలో దాని కొత్త తరం ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కొన్నాను. దాని వేగం, బొమ్మ నాణ్యత అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఒక్క సంగతి గురించే: పాత డిస్కు పెడితే ఆడుతుందా లేదా. షాపులో కుర్రాడు డిస్కు పెట్టే చోటే లేని చిన్న మోడల్ సిరీస్ ఎస్ చూపించి, ‘డిస్కులు ఇప్పుడెవరు కొంటున్నారు సార్’ అన్నాడు. ఇక్కడ విడుదలైనప్పుడు ఎస్ ధర 34,990 రూపాయలు, ఎక్స్ ధర 49,990. పదిహేను వేల తేడా. డిస్కులు కొనడానికి కాదు బాబూ, ఉన్నవి పెట్టడానికి అని చెప్పి పెద్దదే తీసుకున్నాను. ఇంటికొచ్చాక ఆ పదిహేను వేల సంగతి మా ఆవిడకి చెప్పలేదు.

మొదట పెట్టింది ఫోర్జా హొరైజన్. 2012లో వచ్చిన కారు పందేల ఆట. మిగతా వాటికంటే దీని మీదే నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే 2016లోనే దీన్ని ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేశారు. కార్ల కంపెనీలతో, పాటల కంపెనీలతో చేసుకున్న లైసెన్సులకు గడువు ఉంటుంది. అది తీరిపోతే కొత్తగా అమ్మడానికి వీల్లేదు. ఇప్పుడు లక్ష రూపాయలు చేత్తో పట్టుకు తిరిగినా స్టోర్లో దొరకదు. డిస్కు ఉన్నవాడికి ఉన్నట్టు, లేనివాడికి లేనట్టు.

డిస్కు లోపలికి వెళ్ళింది, కాసేపు గిర్రున తిరిగింది. తెర మీద ‘ఇన్‌స్టాల్’ అని వచ్చి, నెట్ నుంచి ఆట మొత్తం దించుకోవడం మొదలుపెట్టింది. నాకు మండింది. ఆట డిస్కులోనే ఉంటే మళ్ళీ దించుకోవడమేంటి? తర్వాత తెలిసింది. 360లో ఉన్న ప్రాసెసర్ పవర్‌పీసీ జాతిది, కొత్తదానిలో ఉన్నది మన కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 రకం. దాని భాష దీనికి రాదు. అందుకని కొత్త డబ్బా లోపల పాత డబ్బాలా నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, ఒక్కో ఆటనీ దానికి సరిపడేలా మళ్ళీ కట్టి సర్వర్లో ఉంచారు. మన డిస్కు తాళంచెవి మాత్రమే. ఆ చెవి పెడితే తలుపు తీస్తారు, లోపలి సరుకు వాళ్ళది. ఆట ఆడినంతసేపూ డిస్కు లోపలే ఉండాలి కూడా.

ఆ రాత్రే మా వీధిలో నెట్ పోయింది. కొత్త కన్సోల్, పాత డిస్కు, మధ్యలో తెగిన కేబుల్. రెండు రోజులు అది అరవై శాతం దగ్గర నిలబడిపోయింది. మా బాబు రోజూ స్కూలు నుంచి రాగానే ‘నాన్నా, ఇంకా అరవయ్యేనా?’ అని అడిగేవాడు.

మూడో రోజుకి ఆట తెరుచుకుంది. నా పేరుతో కొత్తగా మొదలైంది, బాగానే ఉంది. అయితే ఆ ఆట మొదటి నుంచీ తమ్ముడిది. నేను పక్కన కూర్చుని ‘కుడికి తిప్పరా’ అనే రకం. వాడి పేరుతో లాగిన్ అయితే ఏమైనా ఉంటుందేమో అనిపించి ఫోన్ చేశాను. వాడు పాత మెయిల్ ఐడీ చెప్పడానికే సిగ్గుపడ్డాడు, కాలేజీ రోజుల్లో హీరో పేరుకి ఏవో అంకెలు తగిలించి పెట్టుకున్నది. పాస్‌వర్డ్ గుర్తులేదు. కోడ్ పంపుతామంటే అది వాడి పాత సిమ్‌కి పోతుంది, ఆ సిమ్ ఎప్పుడో మురిగిపోయింది. ఇక వదిలేద్దామనుకుంటుండగా, రికవరీ కోసం ఇచ్చిన రెండో మెయిల్ మొదటి రెండక్షరాలు తెర మీద కనిపించాయి. అది నాదే. వాడు ఎప్పుడో నా మెయిల్ పెట్టేసి నాతో చెప్పనే లేదు.

లాగిన్ అయ్యాం. ఆట తెరిచాను. క్లౌడ్ నుంచి, అంటే కంపెనీ సర్వర్ నుంచి, సేవ్ (ఆట ఎక్కడ ఆపామో ఆ లెక్క) తెస్తున్నానని ఒక గీత కదిలింది. తర్వాత వాడి గ్యారేజీ.

ఇక్కడ ఆ రోజుల్లో జరిగిన గొడవ ఒకటి చెప్పాలి. 360లో ఆట ఎక్కడ సేవ్ చేయాలో మనమే ఎంచుకోవాలి: డబ్బాలో ఉన్న హార్డ్ డిస్కులోనా, క్లౌడ్‌లోనా అని. డబ్బు కట్టి గోల్డ్ మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్ళకి క్లౌడ్ ఇచ్చేవారు. తమ్ముడు క్లౌడ్ పెట్టాడు. మా నెట్ నత్తనడక కదా, ఆట మూసేటప్పుడల్లా సేవ్ ఎక్కడానికి నిమిషాలు పట్టేది, ఈలోగా నా క్రికెట్ మ్యాచ్ పోయేది. ‘మేఘాల్లో దాస్తున్నావట్రా, వానొస్తే కారిపోతుంది’ అని వెక్కిరించేవాణ్ణి. వాన నిజంగానే వచ్చింది. ఇంట్లో ఉన్న పెట్టె పోయింది, మేఘంలో దాచింది ఉంది.

ఆ ఆటలో పోటీదారుల జాబితా 250 నుంచి మొదలై పైకి ఎక్కుతూ పోతుంది. తమ్ముడు 37 దగ్గర ఆగిపోయి ఉన్నాడు. అమ్మ బీరువాకి తాళం వేసిన రోజున ఎక్కడున్నాడో అక్కడే. నారింజ రంగు కారు, దాని తలుపు మీద వాడు గంటలు గంటలు కూర్చుని గీసిన వంకర చేప. వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అన్నయ్యా, దాన్ని ముట్టుకోకు. నేనొచ్చి పూర్తి చేస్తాను’ అన్నాడు.

ఆ తర్వాతి సంక్రాంతికి వచ్చాడు కూడా. రెండు పందేలు ఆడాడు, రెండూ ఓడాడు. ‘బండి బరువుగా ఉందేంటి’ అన్నాడు. బండి అలాగే ఉంది, కొత్త ఆటలకి వాడి చేతులు అలవాటు పడ్డాయి. రిజల్యూషన్ 4కేకి పెంచారు కాబట్టి కొండలు, చెట్లు అద్దంలా కనిపిస్తాయి. కదలిక మాత్రం సెకనుకి అదే 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు. 60కి అలవాటైన కంటికి మొదటి పది నిమిషాలు బురదలో నడిచినట్టుంటుంది. మొదటి రోజు నేను అందరికీ ఫోన్ చేసి ‘కొత్త ఆటలాగే ఉంది’ అన్నాను. అంత లేదు. కొత్తగా తుడిచిన పాత ఆట అది.

తొమ్మిది డిస్కుల లెక్క ఇదీ. ఆరు ఆడాయి. ఫోర్జా కాక రెడ్ డెడ్ రిడెంప్షన్, జీటీఏ 4, స్ప్లిట్/సెకండ్, అసాసిన్స్ క్రీడ్ 2, ఇంకొకటి. ఒక డిస్కు అంచున సముద్రం చెమ్మకి తెల్ల మచ్చలు పడ్డాయి. మెత్తటి గుడ్డ పెట్టి ఎంత తుడిచినా కన్సోల్ దాన్ని గుర్తుపట్టదు. తాళంచెవికి తుప్పు పట్టినట్టే. వైజాగ్‌లో బీచ్‌కి రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్ళు డిస్కుల్ని బియ్యంలాగే గాలి తగలకుండా దాచుకోవాలి.

మిగిలిన రెండూ కొత్తదానిలో నడిచే పాత ఆటల జాబితాలోనే లేవు. ఒకటి కైనెక్ట్ అనే కెమెరా ముందు ఒళ్ళు కదిలించి ఆడే ఆట. ఆ కెమెరా మీద ఆధారపడ్డ 360 ఆటలు కొత్తవాటిలో నడవవు, దానికి నేనేమీ బాధపడలేదు. రెండోది యువరాజ్ సింగ్ ఇంటర్నేషనల్ క్రికెట్ 2007. బయటి దేశాల్లో బ్రయన్ లారా పేరుతో వచ్చిందే మనకి యువరాజ్ బొమ్మతో ఇచ్చారు. నా డిస్కు అది. తమ్ముడిదేమో ఇన్నేళ్ళ తర్వాత కూడా 37వ స్థానంతో సహా తిరిగొచ్చింది, నాదానికేమో తలుపే తీయలేదు. కార్లవాళ్ళ లైసెన్సు పోయినా డిస్కు ఉంటే ఆడనిచ్చారు కదా, క్రికెట్‌కి ఏమొచ్చిందని మొదట గింజుకున్నాను. ప్రతి ఆటకీ దాని హక్కుదారు ఒప్పుకోవాలి, ఆపైన ఎవరో కూర్చుని పరీక్షించాలి. మన క్రికెట్ కోసం అంత శ్రమ ఎవరు పడతారు? 2015లో ఎక్స్‌బాక్స్ కంపెనీ మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టిన ఈ పనిని 2021 నవంబర్‌లో చివరి విడతగా 76 ఆటలు కలిపి ఆపేశారు. నేను కొనేనాటికే జాబితా మూసేశారన్నమాట. ఇక చేరేది లేదన్నారు.

దీన్నే మా గాజువాక బావతో అన్నాను. ఆయన దగ్గర సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) ఉంది, అటక మీద పాత పీఎస్2 కూడా ఉంది. ‘నీకు రెండే పోయాయి, నాకు పెట్టె మొత్తం పోయింది, ఏటి సెప్పమంటావ్’ అన్నాడు. పీఎస్5 పీఎస్4 ఆటలన్నీ దాదాపు ఆడుతుంది, అంతకు ముందు తరం డిస్కులు పెడితే తీసుకోదు. విచిత్రమేంటంటే, 2006లో వచ్చిన తొలి పీఎస్3 మోడళ్ళలో పీఎస్2 చిప్పులే పెట్టి అమ్మారు. ఖర్చు ఎక్కువని తర్వాతి మోడళ్ళలో వాటిని పీకేశారు. చేతకాక కాదు. 2017లో సోనీలో పెద్ద హోదాలో ఉన్న జిమ్ రయన్ పాత ఆటలని చూసి, ఇవెవరాడతారన్నట్టు మాట్లాడాడు. బావకి ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బావ పెట్టెలో ఒక డిస్కు నాకు బాగా ఇష్టం. హనుమాన్: బాయ్ వారియర్. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ వాళ్ళు పీఎస్2 కోసం చేశారు. అదే ఏడాది హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర వాళ్ళు దేశీ అడ్డా అని కబడ్డీ, గాలిపటాల ఆటలతో ఇంకొకటి చేశారు. అవి గొప్ప ఆటలని చెప్పను. హనుమంతుడు దూకడంలో తడబడతాడు, కెమెరా ఎటో తిరుగుతుంది. కానీ మన ఊళ్ళ కుర్రాళ్ళు కన్సోల్ మీద తొలిసారి చేయి వేసిన పని అది. ఇవాళ షాపులో దొరికే ఏ కన్సోల్‌లోనూ ఆ డిస్కు తిరగదు. అమెరికాలో కోటి అమ్ముడైన ఆటని ఏదో ఒకరోజు మెరుగులు దిద్ది మళ్ళీ అమ్ముతారు. హనుమంతుణ్ణి ఎవరూ అమ్మరు. పాత ఆటలు నడవాలా వద్దా అని ఎవరైనా నన్నడిగితే నాకు మొదట గుర్తొచ్చేది రెడ్ డెడ్ కాదు, ఆ తడబడే హనుమంతుడు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బావ పెట్టెలో నలభై డిస్కులుంటే అసలువి ఐదో ఆరో. మిగతావన్నీ, దొంగ కాపీలు నడిచేలా చిప్ వేయించిన పీఎస్2లో ఆడుకున్న కాపీలు, మీద మార్కర్‌తో పేర్లు రాసినవి. ఈ ఊళ్ళో నా వయసువాళ్ళ చిన్నతనమంతా అలాంటి డిస్కుల మీదే గడిచింది. కంపెనీ రేపు పీఎస్2ని మళ్ళీ ఆడనిచ్చినా ఆ కాపీలని ఒప్పుకోదు కదా. ‘మా పాత ఆటలు మాకివ్వండి’ అని గట్టిగా అడిగే హక్కు మాలో ఎందరికుందో. మా 360లో అన్నీ అసలువే ఉండటానికి కారణం నిజాయితీ అనుకోకండి. అకౌంట్ బ్లాక్ అవుతుందని తమ్ముడి టెన్షన్.

ఇన్నేళ్ళలో నేను పాత ఆటలు ఎంత ఆడానంటే, నిక్కచ్చిగా చెప్పాలంటే, తక్కువే. రెడ్ డెడ్ ఒకసారి పూర్తి చేశాను. మిగతావి నెలకో రెండు నెలలకో ఒక సాయంత్రం. జిమ్ రయన్ మాటలో కొంత నిజముందని బావ ముందు ఒప్పుకోను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. అయితే ఎదురుచూడని చోట ఒకటి కలిసొచ్చింది: మా బాబు. వాడికి స్ప్లిట్/సెకండ్ ప్రాణం. తెర రెండు ముక్కలై ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చు. ఇప్పుడొచ్చే పెద్ద పెద్ద పందేల ఆటల్లో చాలావాటికి ఆ సదుపాయమే లేదు, ఎవరి డబ్బా వాళ్ళకుండాలి. బొమ్మలు పాతగా ఉన్నాయని వాడు ఒక్కసారే అన్నాడు. నన్ను ఓడించాక మళ్ళీ అనలేదు.

కొనొచ్చా అంటే, మీ దగ్గర అసలు డిస్కులుండి, నెట్ ఉండి, మీ ఆట పేరు జాబితాలో ముందే చూసుకుంటే, రెండింటి ధరల తేడాకి నాలా బాధపడరు. డిస్కులే లేనివాళ్ళు, పాత ఆటల్లో కొన్నిటిని మళ్ళీ అమ్ముతున్నారు కాబట్టి చిన్నదైన సిరీస్ ఎస్‌తో సరిపెట్టుకోవచ్చు. 360 ఇంకా పనిచేస్తుంటే మాత్రం దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వకండి. దాని స్టోర్‌ని 2024 జులైలో మూసేశారు, అయినా డిస్కు పెడితే ఆడుతుంది, యువరాజ్‌తో సహా. నేను ఇప్పుడు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నాను. మా ఆవిడకి ఇది కూడా చెప్పలేదు.

తమ్ముడు ఈమధ్య ఇంకోసారి వచ్చాడు. ఇప్పుడు 36.