సివిల్ వివాహానికి స్ట్రింగ్ క్వార్టెట్: మా అనుభవం

ఇంగ్లండులో మా చెల్లెలి సివిల్ వివాహానికి (మతకర్మలు లేకుండా రిజిస్ట్రార్ ముందు జరిగే పెళ్లికి) వాయించిన స్ట్రింగ్ క్వార్టెట్‌ను, అంటే నాలుగు తీగవాద్యాల బృందాన్ని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. నలుగురూ చక్కగా వాయించారు, కానీ నాకు అంతకంటే విలువైనదిగా తోచింది రచనల ఎంపికలో వారు చూపిన శ్రద్ధ. మాకు ఏ సంగీతం ఇష్టమో అడగడానికి ముందే, వధువు ద్వారం నుంచి రిజిస్ట్రార్ బల్ల దాకా ఎంత దూరం నడవాలో వారు అడిగి తెలుసుకున్నారు.

ఆ నడక నిమిషంలోపే ముగియవచ్చు, ఎంచుకున్న రచన అయిదు నిమిషాలు సాగవచ్చు; దాన్ని మధ్యలో తుంచేస్తే గదిలో ఉన్న ప్రతివారికీ తెలిసిపోతుంది. అందుకే వారు స్వరకర్త పాకెల్‌బెల్ రచన ‘కానన్’ను సూచించారు. అందులో చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం) వాయించే ఎనిమిది స్వరాల వరుస మొదటి నుంచి చివరి దాకా మారకుండా తిరుగుతూనే ఉంటుంది కనుక, ఏ ఆవర్తం దగ్గరనైనా సహజంగా ముగించవచ్చు. చెల్లెలు బల్ల దగ్గరికి చేరగానే మొదటి వయొలిన్ వాయిస్తున్నావిడ చిన్నగా తల ఊపారు. ఆ వరుస పూర్తయి ఆధార స్వరం మీదికి రాగానే నాలుగు కమానులూ ఒక్కసారిగా నిలిచాయి.

వరుడికి షూబర్ట్ ‘ఆవే మరియా’ అంటే ప్రాణం. అది వాల్టర్ స్కాట్ కావ్యంలోని ఒక పాత్ర పాడే పాటకు కట్టిన బాణీయే అయినా, జనంలో ప్రార్థనా గీతంగానే స్థిరపడింది. సివిల్ వివాహంలో గానీ, సివిల్ పార్ట్‌నర్‌షిప్ (పెళ్లికి బదులుగా జంటలు ఎంచుకునే చట్టబద్ధ బంధం) నమోదులో గానీ మతపరమైన ప్రార్థనా కార్యక్రమం ఉండకూడదన్నది అక్కడి చట్టం కాబట్టి, రిజిస్ట్రార్ కార్యాలయాన్ని ముందే సంప్రదించమని క్వార్టెట్ వారు హెచ్చరించారు. కార్యాలయం అంగీకరించలేదు. దాంతో సంతకాల సమయానికి ఎల్గర్ ‘సాల్యూ దామూర్’ కుదిరింది. ఎల్గర్ 1888లో, తాను పెళ్లాడబోయే ఆలిస్ కోసం రాసిన రచన అది. ఆ ఘట్టానికి ఇంతకన్నా తగినది నాకు తోచదు. సంతకాలకూ ఫొటోలకూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు గనుక బాఖ్ రచన ఒకటి అదనంగా సిద్ధం చేసుకున్నారు, దాని అవసరమూ పడింది.

నాకు లోపంగా కనిపించింది ఒక్కటే. దంపతులు బయటికి నడిచేటప్పుడు వాయించిన మెండెల్సన్ ‘వెడ్డింగ్ మార్చ్’ 1842లో పూర్తి ఆర్కెస్ట్రా కోసం రాసినది, ట్రంపెట్లతో మొదలవుతుంది. నాలుగు తీగవాద్యాల మీద ఆ ఆరంభం పలచబడిపోయింది. రెండు ఓబోలకూ (ఓబో ఒక ఊదే వాద్యం) తీగవాద్యాలకూ రాసిన హాండెల్ ‘షీబా రాణి ఆగమనం’ క్వార్టెట్‌కు హాయిగా ఇముడుతుంది. అది వారి జాబితాలోనే ఉంది. ఈ తేడా మాకు ముందుగా చెప్పి ఉండవలసింది.