లక్నవరం కట్ట మీద రాకెట్, మేడారం దారిలో నీలం చుక్క

మేడారం మినీ జాతర రద్దీ మొదలుకాకముందే అమ్మవార్లకు బంగారం మొక్కు తీర్చుకుందామని 2025 జనవరి 28న హనుమకొండ నుంచి కారులో బయల్దేరాం. రామప్ప గురించి కొత్తగా చెప్పేదేముంది! సాయంత్రం వెళ్ళండి, ఏటవాలు ఎండలో మదనికలు ఇంకా బాగుంటాయి.

రాత్రికి లక్నవరం. బస పేరు రాయను. గది శుభ్రంగా ఉంది కానీ గీజర్ పనిచేయలేదు, చేపల వేపుడుకు గంటన్నర కూర్చోబెట్టారు. తినేశాక మాత్రం కోపం పోయింది.

తెల్లవారి 6:23కి శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. సిగ్నల్ ఒక్క గీతైనా దొరికేది చెరువు కట్ట మీదే. చలికి శాలువాలు కప్పుకుని నలుగురం మా బావమరిది ఫోన్ చుట్టూ మూగాం. జీఎస్ఎల్వీ-ఎఫ్15 కింద మంట కనబడగానే వీడియో బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి రాకెట్ ఎక్కడో పైనుంది! దాదాపు 19 నిమిషాలకు ఎన్వీఎస్-02 విడిపోయిందన్నారు. జీపీఎస్ లాగా దారి చూపే మన నావిక్ వ్యవస్థలో రెండో తరం ఉపగ్రహాల్లో ఇది రెండోది.

పస్రా దాటి అడవిలోకి వెళ్ళాక నెట్ పూర్తిగా పోయింది. మ్యాప్ అంతా బూడిదరంగు. దాని మీద నీలం చుక్క మాత్రం మాతోపాటే కదులుతోంది. "నెట్ లేకుండా ఇదెట్ల నడుస్తుందిరా?" అంది అత్తమ్మ. బావమరిది చెప్పాడు, నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకేనట. మనమెక్కడున్నామో ఉపగ్రహాలు పంపే టైమును బట్టి ఫోనే లెక్క కట్టుకుంటుందట. అందుకే వాటిలో టైము అతి కచ్చితంగా చూపే అణు గడియారాలు పెడతారట. మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. పాత నావిక్ ఉపగ్రహాల్లో విదేశీ గడియారాలు మొరాయించాయి. 2023లో ఎన్వీఎస్-01తో మన సొంత రుబీడియం అణు గడియారం మొదటిసారి పైకి వెళ్ళింది. మామూలు ఫోన్లు అందుకోగల ఎల్1 సిగ్నల్ కూడా ఈ తరంలోనే వచ్చింది.

ఇంత విన్నాక కూడా దారి తప్పాం. టీకొట్టు అవ్వ నవ్వింది: "గిది తొవ్వ గాదు బిడ్డా, ఎనకకు తిప్పుర్రి." మేడారంలో దర్శనం తొందరగానే అయింది. నిలువెత్తు బంగారానికి బెల్లం మాత్రం హనుమకొండలోనే కొనుక్కెళ్ళండి.

కొన్నాళ్ళకు బావమరిది ఫోన్ చేశాడు. వాల్వులు తెరుచుకోక ఎన్వీఎస్-02ను అసలు కక్ష్యకు చేర్చలేకపోయారట. గొంతు పీలగా ఉంది వాడిది.

మీరు వెళ్తే ములుగులోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలూ అక్కడే పోయించుకోండి.