పిస్టల్‌కు జోడీగా కార్బైన్: ఐదేళ్ల వాడకం తర్వాత

నా గ్లాక్ 19 పిస్టల్‌కు జోడీగా రూగర్ పీసీ కార్బైన్ (భుజానికి ఆనించి కాల్చే పొట్టి రైఫిల్) తీసుకుని ఐదేళ్లు దాటింది. దాన్ని ఎంచుకోవడానికి ప్రధాన కారణం మ్యాగజైన్, అంటే తూటాలు నింపి ఆయుధంలో పెట్టే పెట్టె. ఆ కార్బైన్‌లో మ్యాగజైన్ దూర్చే గూడు (మ్యాగజైన్ వెల్) మార్చుకునే వీలున్నందువల్ల, పిస్టల్‌కు వాడే మ్యాగజైన్లనే కార్బైన్‌కూ పెట్టుకోగలుగుతున్నాను. కొనేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పొడవైన మ్యాగజైన్ పొట్టి పిడిలో పడుతుంది గాని, పొట్టి మ్యాగజైన్ పొడవైన పిడిలో అందదు. అందుచేత కెల్‌టెక్ సబ్ 2000 వంటి, పిడిలోనే మ్యాగజైన్ పెట్టే కార్బైన్ తీసుకునేటప్పుడు గ్లాక్ 19 కొలతకు చేసినదాన్నే అడగాలి. అందులో 15, 17, 33 తూటాల మ్యాగజైన్లు మూడూ పనిచేస్తాయి.

ఈ జోడీ ఆలోచన కొత్తదేమీ కాదు. 1873 నాటి వించెస్టర్ రైఫిల్ తూటానే వాడేలా 1878లో కోల్ట్ తన రివాల్వర్‌ను తయారుచేసింది. అప్పటిలాగే ఇప్పుడూ ఒకే రకం తూటాలు కొని దాచుకుంటే సరిపోతుందన్నది పెద్ద వెసులుబాటు.

అయితే పొడవైన బారెల్ వల్ల తూటా బలం ఎంతో పెరుగుతుందని ఆశపడి కొనకూడదు. తూటా వేగాన్ని కొలిచే నా క్రోనోగ్రాఫ్‌పై 115 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువుకు వాడే చిన్న కొలత) తూటా పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 1,150 అడుగుల వేగంతో వెళ్తే, 16 అంగుళాల బారెల్ నుంచి దాదాపు 1,300 అడుగుల వేగం అందుకుంది. 147 గ్రెయిన్ల తూటాకు లాభం ఇంకా తక్కువ. 9 మి.మీ. తూటాలోని మందు త్వరగా కాలిపోవడమే దీనికి కారణం. అసలు లాభమంతా గురిలోనే ఉంది. భుజం, చెంప, రెండు చేతులు కలిసి ఆయుధాన్ని నిలకడగా పట్టి ఉంచడం వల్ల, 50 గజాల దూరంలో పిస్టల్‌తో పెద్ద పళ్లెమంత మేర చెదిరే నా తూటాలు కార్బైన్‌తో అరచేతిలో ఇమిడిపోతున్నాయి.

ఇది బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తుంది, అంటే తూటా వెనుక భాగాన్ని మూసి ఉంచే బోల్ట్‌కు తాళం ఉండదు, దాని బరువే పేలుడు ఒత్తిడికి అడ్డు నిలుస్తుంది. ఆ బరువు వెనక్కీ ముందుకీ కదలడం వల్ల, ఇంత చిన్న తూటాకు ఇంత కుదుపా అని మొదట ఆశ్చర్యపోయాను. మసి కూడా త్వరగా పేరుకుంటుంది.

దగ్గరి లక్ష్యాల విషయంలో జాగ్రత్త అవసరం. నా రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) బారెల్ కంటే దాదాపు 2 అంగుళాలు ఎత్తున ఉంటుంది కనుక, 25 గజాలకు గురి సరిచేసుకున్నాక 5 గజాల దగ్గర తూటా ఇంచుమించు అంత కిందుగా తగులుతుంది. కాగితంపై ఆ రంధ్రాలను కళ్లారా చూసేదాకా దాని ప్రాముఖ్యం నాకు బోధపడలేదు.

నా కార్బైన్‌లో మ్యాగజైన్ పిడిలో కాక ట్రిగ్గర్‌కు ముందు ఉండటం వల్ల, పిడి వైపే వెళ్లే నా చేతికి కొత్త అలవాటు నేర్పవలసి వచ్చింది. చీకట్లో చేయి చేతిని వెతుక్కున్నంత తేలికగా మ్యాగజైన్ మార్చుకోవాలనుకునేవారికి పిడిలోనే మ్యాగజైన్ ఉండే బెరెట్టా సీఎక్స్ 4 కార్బైన్ వంటి అమరిక నయమని నా అభిప్రాయం.

ఒకసారి ఒక సంస్థవారి చవక మ్యాగజైన్లు నాలుగు కొన్నాను. పిస్టల్‌లో నిక్షేపంగా నడిచిన అవే, కార్బైన్‌లో మాత్రం తూటా మొన ఛాంబర్ (కాల్చే ముందు తూటా చేరే గది) అంచుకు తగిలి పదేపదే ఆగిపోయాయి. అప్పటినుంచి ప్రతి మ్యాగజైన్‌నూ రెండింటిలోనూ కనీసం వంద తూటాలతో పరీక్షించి, నెగ్గినదాని అడుగున తెల్ల రంగు చుక్క పెడుతున్నాను. చుక్క లేనిది సాధనకే తప్ప ఇంటి రక్షణకు వాడను.