పెద్దవాళ్ల ప్రోటీన్ పౌడర్: నాన్నకి మూడు నెలలు వాడాక

నాన్నకి 76 ఏళ్లు. పోయిన వానాకాలం న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి 60 కిలోల మనిషి 54కి దిగారు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది, బాత్రూమ్‌కి వెళ్తుంటే అమ్మ వెనకాలే నడిచేది. ఆ టెన్షన్‌లో మందుల షాపుకెళ్లి, పెద్దవాళ్ల బలానికి అని రాసి ఉన్న 400 గ్రాముల డబ్బా కొన్నాను, 650 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, తర్వాత షాపులో తిప్పి చూస్తే పక్కనున్న రెండు మూడు డబ్బాల వెనక కూడా దాదాపు ఇవే అంకెలు ఉన్నాయి.

రుచి బాగానే ఉంది, యాలకుల వాసన, గోరువెచ్చని పాలల్లో ఉండలు కట్టకుండా కలిసింది. కానీ మరీ తియ్యగా ఉంటుంది, పదార్థాల జాబితాలో పంచదార రెండో పేరు. షుగర్ ఉన్నవాళ్లకి ఇవ్వబోయే ముందు అది చూడండి.

నెల తిరిగినా నాన్నలో మార్పు లేదు. అప్పుడు ఒక డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు క్రియాటినిన్ రిపోర్టు అడిగారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ప్రోటీన్ ఇలా పెంచకూడదట. రిపోర్టు బాగానే ఉందని చూశాక లెక్క వేశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్, జబ్బు చేసి కోలుకుంటున్నవాళ్లకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని 2013లో నిపుణుల బృందం ఒకటి సూచించింది. అంటే నాన్నకి తక్కువలో తక్కువ 65 గ్రాములు. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి మజ్జిగన్నం, ఇదంతా కలిపితే నలభై దాటలేదు. డబ్బాలో 100 గ్రాముల పొడికి 20 గ్రాముల ప్రోటీన్ ఉంది, రెండు స్కూపులు 30 గ్రాములు, అందులో వచ్చేది 6 గ్రాములే. ఒక కోడిగుడ్డులో ఉండేదీ ఇంచుమించు అంతే! రోజుకి రెండుసార్లు ఇస్తే డబ్బా వారం కూడా రాదు, రోజుకి దాదాపు వంద రూపాయలు పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు, ఇంటికొచ్చి నేనూ చదివాను. మరియా ఫియాటరోన్ అనే వైద్య పరిశోధకురాలు అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో వంద మందితో చేసిన అధ్యయనం 1994లో వచ్చింది. వాళ్ల సగటు వయసు 87. కొందరికి కాళ్లకి బరువులతో వ్యాయామం, కొందరికి పోషకాల డ్రింక్, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత చూస్తే వ్యాయామం చేసినవాళ్ల కండరాల బలం సగటున రెట్టింపు దాటింది, నడక వేగం కూడా పెరిగింది. డ్రింక్ ఒక్కటే తాగినవాళ్లలో ఆ మార్పు లేదు. పైగా మొత్తం మీద తినే కేలరీలు పెరిగింది వ్యాయామమూ డ్రింకూ రెండూ ఉన్నవాళ్లలోనే. ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లే కనిపించింది. పొద్దున ఆ గ్లాసు తాగాక నాన్న ఒక్క ఇడ్లీతో లేచిపోతున్నారు, సాయంత్రం తాగితే రాత్రి అన్నం వద్దంటున్నారు. వ్యాయామం లేకుండా ఇదొక్కటే తాగితే బలం రాదని డబ్బా మీద ఒక్క లైనైనా రాయాలి కదా, వయసుతో కండ కరిగిపోవడానికి సార్కోపీనియా అనే పేరు 1989 నుంచే ఉంది, కొత్త విషయమేమీ కాదు.

రెండో నెల నుంచి పౌడర్ సాయంత్రం ఒక్కసారికి తగ్గించాం. పొద్దున పెసరట్టు, రెండు గుడ్లు. మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, వారానికి మూడు రోజులు చేప. ఫిజియో వచ్చి కుర్చీలోంచి లేచి కూర్చోవడం నేర్పించారు, మొదట చేతుల సాయంతో ఐదుసార్లు, తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని. మొదటి వారం తొడలు పట్టేసి నాన్న విసుక్కున్నారు, అమ్మ పక్కనే కూర్చుని లెక్కపెట్టింది. మూడో నెల ఆఖరికి చేతులు ఆనించకుండా పదకొండుసార్లు లేచారు. బరువు 56.5. ఇప్పుడు బాత్రూమ్‌కి ఒక్కరే వెళ్తున్నారు.

పౌడర్‌కి నేను ఐదులో రెండు ఇస్తాను. పళ్లు లేక నమలలేనివాళ్లకి, జ్వరంలో ఏమీ సయించనివాళ్లకి కొన్నాళ్లు పనికొస్తుంది, అది కాదనను. కొనేటప్పుడు డబ్బా వెనక్కి తిప్పి, 100 గ్రాములకి ఎంతని కాకుండా ఒక్కసారి కలిపే పొడిలో ప్రోటీన్ ఎన్ని గ్రాములో చూడండి. మా ఇంట్లో ఉన్న డబ్బా అయిపోయాక మళ్లీ కొనలేదు, ఆ డబ్బు ఫిజియోకి ఇస్తున్నాం.