చప్పట్లకు బదులు పలికే మెట్లు

ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క కాలేజీ చూడ్డానికే టైం ఉంటే ఎటు వెళ్లాలని అడిగితే, నేను న్యూ కాలేజ్ పేరే చెబుతాను. పేరులోనే కొత్త, పుట్టింది 1379లో. విన్‌చెస్టర్ బిషప్ విలియం ఆఫ్ వైకమ్ పెట్టాడు. దీని అసలు పేరు మేరీమాతదే. కానీ అప్పటికే ఆమె పేరుతో ఇంకో కాలేజీ ఉంది, అదే ఇప్పటి ఓరియల్. తేడా తెలియడానికి దీన్ని కొత్తది అన్నారు, అదే స్థిరపడిపోయింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన మా అత్తయ్యతో మేం ఉండే రెడింగ్ నుంచి రైల్లో వెళ్లాం, అరగంట ప్రయాణం. స్టేషన్ నుంచి నడక కాస్త ఎక్కువే. మోకాళ్ల నొప్పులుంటే బస్సో టాక్సీయో మేలు. చివర్లో ఎత్తైన గోడల మధ్య మెలికలు తిరిగే సన్నని సందు వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే ఆల్ సోల్స్ కాలేజ్ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్స్‌లర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నది ఆ కాలేజీలోనే. ఆ మాట వినగానే అత్తయ్య నడక జోరందుకుంది.

న్యూ కాలేజ్ చాపెల్‌లోకి, అంటే ప్రార్థన మందిరంలోకి, అడుగు పెట్టగానే ఎదురయ్యేది ఎప్‌స్టీన్ చెక్కిన లాజరస్ రాతిబొమ్మ. చనిపోయాక ఏసు మళ్లీ బతికించాడని బైబిల్ చెప్పే మనిషి ఈ లాజరస్. ఒళ్లంతా కట్లతో, మెడ వెనక్కి తిప్పి, సమాధిలోంచి లేస్తున్నట్టు నిలబడి ఉంటాడు. “చూడలేకపోతున్నానమ్మా” అన్న అత్తయ్యే అక్కణ్ణుంచి పది నిమిషాలు కదల్లేదు. ఎల్ గ్రెకో గీసిన సెయింట్ జేమ్స్ పటం కూడా లోపలే ఉంది. పక్కనున్న వసారాల మధ్య పచ్చికలో ఓ పెద్ద ఓక్ చెట్టు. హ్యారీ పాటర్ సినిమాలో కనిపించిందని జనమంతా దాని కిందే ఫోటోలు దిగుతుంటారు. నాకు చెట్టు కన్నా ఆ వసారాల చెక్క కప్పే నచ్చింది.

అసలు సంగతంతా తోటలో ఉంది. ఊరి పాత కోటగోడ అందులోంచే పోతుంది. స్థలం తీసుకున్నప్పుడు గోడ మరమ్మతుల బాధ్యత కాలేజీ మీద పెట్టారు. ఇప్పటికీ మూడేళ్లకోసారి మేయర్ వచ్చి గోడ చుట్టూ నడిచి చూసి వెళ్తారు. దాని కిందే బారుగా పూలమొక్కలు. రాతి మీద ఎండ పడుతుంటే తేనెటీగలు ఆ పూల చుట్టూనే తిరుగుతున్నాయి.

తోట మధ్యలో చెట్లు కప్పిన మట్టిదిబ్బ, దాని మీదికి మెట్లు. మెట్లకు ఎదురుగా కాస్త దూరంలో నిలబడి చప్పట్లు కొడితే పిట్ట కిచకిచలాంటి బదులు వస్తుంది. ఒక్కో మెట్టు నుంచి శబ్దం ఒక్కో క్షణం ఆలస్యంగా వెనక్కి రావడమే కారణం. “గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుంది. ఇక్కడ కొట్టినవాళ్లకే వినిపిస్తోంది” అని అత్తయ్య మళ్లీ మళ్లీ కొట్టింది. బెంచీ మీద చదువుకుంటున్న కుర్రాడు తలెత్తి నవ్వాడు. నాకే సిగ్గేసింది.

ఇక బస. సెలవుల్లో చాలా కాలేజీలు విద్యార్థుల గదులు అద్దెకిస్తాయి. మేం ఒకదాంట్లో ఒక రాత్రి ఉన్నాం. పేరెందుకులెండి. గది శుభ్రంగానే ఉంది గానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, నాలుగు గదులకు ఒకటే బాత్రూమ్. బుక్ చేసేటప్పుడే “కింది అంతస్తు, అటాచ్డ్ బాత్రూమ్” అని అడగనందుకు తప్పు నాదే. పొద్దున పొడవాటి బల్లల హాల్లో పెట్టే టిఫిన్ మాత్రం ఆ మెట్లన్నీ మరిపించింది. శాకాహారులకు టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు, పళ్లు దొరుకుతాయి.

సందర్శన వేళలు టర్మ్‌ను బట్టి మారతాయి, వెళ్లే ముందు కాలేజీ వెబ్‌సైట్ చూసుకోండి. టర్మ్ నడిచే రోజుల్లో వెళ్తే సాయంత్రం చాపెల్ ప్రార్థనలో పిల్లలు, పెద్దలు కలిసిన గాయక బృందం పాడుతుంది. దానికి టికెట్ అక్కర్లేదు. మేం వెళ్లింది సెలవుల్లో కాబట్టి అది మాకు దక్కలేదు. దానికోసమే నవంబర్లో మళ్లీ వెళ్దామంటే, చలికి భయపడే అత్తయ్య “స్వెటర్ కొనిపెట్టు, వస్తాను” అంది.