బెంగళూరు టిఫిన్లు: ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ నిలబడాలి

బెంగళూరులో మంచి దోసె ఎక్కడ దొరుకుతుందని అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు. అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఉంటుందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు ముందు కావాల్సింది ఆ సంగతే. మాది చిత్తూరు వైపు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి బెంగళూరులో ఉంటాం కాబట్టి ఆ ఊరు మాకు కొత్త కాదు. కానీ పెళ్లిళ్లకో ఆసుపత్రికో కాకుండా, కేవలం తినడానికని అమ్మను తీసుకెళ్లింది ఈసారే.

ముందు బస గురించి. మనవాళ్లు చాలామంది బస్టాండుకు దగ్గరని మెజెస్టిక్‌లో రూము తీసుకుంటారు. ఇదివరకు నేనూ అక్కడ ఒక లాడ్జిలో దిగాను. రాత్రంతా హారన్లు, పొద్దున ఎనిమిది దాటితే వేడినీళ్లు బంద్. టిఫిన్ల కోసం వెళ్లేవాళ్లు బసవనగుడి, జయనగర్ వైపు చూసుకోవడం మేలు. చిన్న లాడ్జీలు, ఇళ్లలాంటి గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. పొద్దున ఆరున్నరకల్లా బయటికొస్తే ఫుట్‌పాత్ మీద చెట్ల నీడ, పూల అంగళ్లు, కాఫీ వాసన. పాత హోటళ్లలో సగం ఆ చుట్టుపక్కలే కాబట్టి ఆటో ఖర్చు కూడా తగ్గుతుంది. గది ఎంచుకునేటప్పుడు లిఫ్టు ఉందా అని ఫోన్‌లో తప్పకుండా అడగండి. ఫొటోల్లో మెట్లు కనిపించవు.

గాంధీబజార్‌లోని విద్యార్థి భవన్ 1943 నుంచి ఉంది. పేరుకు తగ్గట్టే, మొదట్లో చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టిన చిన్న హోటలు. ఇక్కడ కూర్చునే తింటారు. కాకపోతే టేబుల్ మనదొక్కరిదే కాదు, ఎదుట ఇంకెవరో ఉంటారు. మా ఎదుట కూర్చున్న పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టి అమ్మకు గోడ పక్క చోటు ఇచ్చాడు. మామూలు రోజుల్లో ఎనిమిది లోపు వెళ్తే కాసేపట్లో చోటు దొరుకుతుంది. శని, ఆదివారాల్లో పేరు రాయించుకుని బయట ఎండలో నిలబడాల్సిందే.

ఇక్కడ దోసె కంటే ముందు చూడాల్సింది సర్వర్‌ను. వంటగదిలోంచి ఎడమ చేతి మీద ప్లేట్లు ఒకదానిపై ఒకటి, మోచేతి దాకా పేర్చుకుని వస్తాడు. ప్రతి ప్లేటులోనూ దోసె. కుడిచేత్తో ఒక్కొక్కటీ తీసి టేబుల్ మీద పెడుతూ పోతుంటే మిగతావి కదలవు, మెదలవు. అమ్మ దోసె తినడం మానేసి అతన్నే చూస్తూ కూర్చుంది. ఇక దోసె సంగతి. మన ఇళ్లలో పోసే పల్చటి దోసె కాదు. మందంగా, పైన ఎర్రగా కాలి కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. పక్కన సాంబారు ఇవ్వరు. నీళ్ల చట్నీ పోస్తారు, అంతే. మా జిల్లా నాలుకకు ఆ చట్నీ కాస్త చప్పిడి. "ఎర్రకారం ఒక చెంచా ఉంటే ఇంకోటి తినేదాన్ని" అంది అమ్మ. శుక్రవారం సెలవు, మధ్యాహ్నం కూడా కొన్ని గంటలు మూసేస్తారు. ఇది చూసుకోకుండా వెళ్లి మూసిన తలుపు ముందు ఫొటో దిగేవాళ్లు రోజూ ఉంటారు.

శంకరపురంలో 1965లో మొదలైన బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో వ్యవహారం వేరు. బల్లలూ కుర్చీలూ వేసిన హాలు లేదు. బిల్లు కట్టి, ప్లేటు పట్టుకుని బయట ఫుట్‌పాత్ మీద నిలబడి తినాలి. మెనూ ఒక చిన్న బోర్డులో అయిపోతుంది: ఇడ్లీ, వడ, ఖారాబాత్ (అంటే మన ఉప్మా లాంటిది), కేసరిబాత్ (రవ్వ కేసరి), కాఫీ, టీ. సాంబారు ఇక్కడా లేదు. కానీ చట్నీ ఉందే, అది మాత్రం నేను తిన్న టిఫిన్ చట్నీలన్నిటిలోకీ మొదటి వరుసలో ఉంటుంది. కొబ్బరి, పచ్చిమిరప, ఇంకేదో చిన్న ఘాటు. ఒకాయన దాన్ని పోయడానికే నిలబడి ఉంటాడు. ప్లేటు చాపిన ప్రతిసారీ గరిటెతో పోస్తాడు, విసుక్కోడు. ఇడ్లీ చట్నీలో తేలిపోతుంది. మరి అమ్మ ఎక్కడ కూర్చోవాలి? ఆ సమస్య ఆటో డ్రైవరే తీర్చాడు. "అమ్మను ఆటోలోనే కూర్చోనీండి సార్, ప్లేటు ఇక్కడికే తెచ్చివ్వండి, నేను వెయిట్ చేస్తా" అన్నాడు చక్కటి తెలుగులో. ఆయన కాఫీ కూడా మా లెక్కలోనే వేశాం. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకు ఇదే సులువైన పద్ధతి. పొద్దున ఆ వీధిలో బండి ఆపడానికి చోటు దొరకాలి, అంతే.

అమ్మకు అన్నిటికంటే నచ్చింది లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్లి టిఫిన్ రూమ్స్, అంటే మన ఎంటీఆర్. రుచి వల్ల ఎంతో, వెయిటింగ్ హాల్లో కుర్చీలుండటం వల్ల అంత. పేరిచ్చి కూర్చుంటే పిలుస్తారు. 1924లో మొదలైన హోటలు ఇది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం కరువైనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి చూశామని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని వాళ్లు చెప్పుకుంటారు. ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటల్ ధరలు తగ్గించమన్నప్పుడు ఆ ధరకు ఆ నాణ్యత ఇవ్వలేక హోటల్ మూసేసి, పొడులు, మిక్స్‌లు ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టారు. మన కిరాణా కొట్లో దొరికే ఎంటీఆర్ ప్యాకెట్ల వెనక కథ అదే. రవ్వ ఇడ్లీ వేడిగా ఉన్నప్పుడే తినాలి. పక్కన సాగు అనే బంగాళాదుంప కూర, కొత్తిమీర చట్నీ, చిన్న గిన్నెలో నెయ్యి. నెయ్యి మొత్తం పోసుకోవాలా అని మొహమాటపడకండి, అది అందుకే. మధ్యాహ్నం భోజనం మాత్రం నాకు పెద్దగా అనిపించలేదు. ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, సగం దగ్గరే కడుపు నిండిపోతుంది, తీపి కూడా ఎక్కువ.

ఒక జాగ్రత్త. ఎంటీఆర్‌కు వెళ్లాలని మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే తోటకు అవతలి వైపు, పడమటి గేటు దగ్గర తేలతారు. హోటలు మెయిన్ గేటు వైపు ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తోటలోంచి మంచి నడకే, టికెట్ కొనుక్కుంటే చాలు. పెద్దవాళ్లతో అయితే నేరుగా ఆటో ఎక్కండి.

మల్లేశ్వరం వైపు త్వరగా చెప్పేస్తాను. సీటీఆర్ (సెంట్రల్ టిఫిన్ రూమ్) హోటల్లో బెణ్ణె మసాలె దోసె, వెన్నతో నిగనిగలాడుతూ వస్తుంది. రుచిలో విద్యార్థి భవన్ దోసె కంటే నా ఓటు దీనికే. కూర్చోవచ్చు, కానీ మన కుర్చీ వెనకే తర్వాతివాళ్లు నిలబడి ప్లేటు వైపు చూస్తుంటారు. ఆ టెన్షన్‌లో అమ్మ కాఫీ సగం వదిలేసి లేచింది. అదే మార్గోసా రోడ్డులో ఉన్న వీణా స్టోర్స్‌లో ఇడ్లీ దూదిలా ఉంటుంది. అక్కడ నిలబడే తినాలి.

వీటన్నిటి మధ్యలో మా కడుపు నిజంగా నింపినవి పేరులేని దర్శినులు. 1983లో జయనగర్‌లో కెఫే దర్శిని అని ఒకటి పెట్టారు. శుభ్రమైన వంటగది కళ్లెదుటే ఉండాలి, సర్వర్లు ఉండకూడదు, నిలబడి తిని వెళ్లిపోవాలి, ధర తక్కువగా ఉండాలి. ఆ పద్ధతి ఊరంతా పాకి, ఇప్పుడు ప్రతి వీధి మలుపులోనూ ఒకటి కనిపిస్తుంది. ముందు బిల్లు, తర్వాత ఆ చీటీ కౌంటర్లో పెడితే నిమిషాల్లో ప్లేటు. ఏం తినాలో తేలకపోతే చౌచౌబాత్ చెప్పండి, ఖారాబాత్, కేసరిబాత్ రెండూ ఒకే ప్లేటులో వస్తాయి. సాంబారులో బెల్లం తగులుతుంది, దానికి సిద్ధపడి వెళ్లాలి. అమ్మ రెండో రోజుకే సాంబారు వద్దని, చట్నీ ఎక్కువ వేయమని సైగలతో చెప్పడం నేర్చుకుంది. చాలా దర్శినుల్లో మూలన రెండు మూడు స్టూళ్లుంటాయి. అడిగితే పనివాళ్లే తెచ్చి వేస్తారు.

వీవీ పురం తిండి వీధి మాత్రం పేరు పెద్దది. సాయంత్రం వెళ్తే జనం, పొగ, నూనె. దోసె మీద చీజు, బజ్జీ మీద మయొనైజు. కుర్రాళ్లకు సరదాగా ఉంటుంది, కాదనను. పెనం మీద నెయ్యితో కాల్చి ఇచ్చే ఓళిగ, అంటే మన బొబ్బట్టు, ఒక్కటి తిని వచ్చేయొచ్చు. చలికాలంలో అయితే వేరే మాట. మన పితికిపప్పును, అంటే పొట్టు తీసిన అనపగింజలను, వాళ్లు దోసె దగ్గర్నుంచి మిక్స్చర్ దాకా అన్నిట్లో వేస్తారు. జనవరిలో ఈ ప్రాంతంలో దానికి మేళా కూడా పెడతారు.

ఒక రాత్రి ఎంజీ రోడ్డు దగ్గర ఏసీ రెస్టారెంటుకు వెళ్లాం. బిల్లులో సర్వీస్ చార్జి కలిపారు. దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ మాట మర్యాదగా చెబితే మేనేజరు మారుమాట్లాడకుండా తీసేశాడు. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోండి. సోమవారం ఎంటీఆర్ ఉండదు, శుక్రవారం విద్యార్థి భవన్ ఉండదు, శని, ఆదివారాలు ఎక్కడా చోటుండదు.