పద్దు రాయాలా, కవర్లు పెట్టాలా, శాతాలు పంచాలా? ఇంటి బడ్జెట్‌కి ఏది మేలు?

నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలడం లేదని ఎవరితో చెప్పుకున్నా మూడు సలహాలు వినిపిస్తాయి. రోజూ పద్దు రాయి. ఒక్కో ఖర్చుకి ఇంత అని డబ్బు కవర్లలో విడదీసి పెట్టుకో. 50-30-20 పాటించు. ఈ మూడూ నేను నెలల తరబడి చేసి చూశాను. మూడూ పనిచేస్తాయి, అయితే ఒక్కోటి ఒక్కో జబ్బుకి మందు. మన జబ్బేదో తెలియకుండా మొదలుపెట్టడం వల్లే చాలామంది రెండో నెలకే విసిగిపోయి మానేస్తారు.

శాతాల లెక్క అన్నిటికన్నా తేలిక. పన్నులు పోగా చేతికొచ్చిన దాంట్లో 50 శాతం అద్దె, కిస్తీల్లాంటి అవసరాలకు, 30 కోరికలకు, 20 పొదుపుకీ అప్పులు ముందుగా తీర్చడానికీ. దివాలా చట్టాలు బోధించిన అమెరికన్ ప్రొఫెసర్ ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమేలియా కలిసి 2005లో తెచ్చిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. పది నిమిషాల్లో లెక్క తేలిపోతుంది. కానీ 100 వస్తే అద్దెకి 35, కిస్తీలకి 20 పోయే ఇంట్లో మిగతా అవసరాలు మొదలవకముందే 50 దాటిపోతుంది. అలాంటప్పుడు మనకి క్రమశిక్షణ లేదేమో అని టెన్షన్ పడక్కర్లేదు. లోపం చిల్లర ఖర్చుల్లో లేదు, ప్రతి నెలా కట్టి తీరాల్సిన పెద్ద మొత్తాల్లో ఉందని ఆ లెక్క చెబుతోంది. అద్దె తగ్గే ఇల్లు చూసుకోవడమో, ఒక అప్పు త్వరగా తీర్చేయడమో చెయ్యాలి. ఎన్ని పద్దులు రాసినా అది మారదు.

ఇక పద్దు. జపాన్‌లో హాని మోటోకో అనే పాత్రికేయురాలు 1904లోనే ఇంటి ఖర్చుల పుస్తకాన్ని గృహిణుల కోసం తయారుచేశారు. ‘కకేబో’ పేరుతో ఇప్పటికీ ఎంతోమంది ఆ పద్ధతి వాడుతున్నారు. పుస్తకంలో రాసినా, యాప్‌లో కొట్టినా ఫలితం ఒకటే అంటారు. నాకు మాత్రం చేత్తో రాసినప్పుడే ఆ ఖర్చు మనసుకి తగిలింది.

మొదటి నెల పద్దు కూడితే ‘ఇతరాలు’ అన్న గడి మూడో స్థానంలో నిలబడింది. అందులో ఏముందో నాకే తెలియదు. రెండో నెల ఆ గడి ఎత్తేసి, ప్రతి ఖర్చు పక్కన టైమూ, అప్పుడు నా మనసు ఎలా ఉందో ఒక్క మాటా రాశాను. ‘రాత్రి 10:40, అలసట.’ ‘రాత్రి 11, చిరాకు.’ అప్పుడు కొన్న వస్తువుల్లో సగం నాకు అవసరమే లేదు. నాది దుబారా అనుకున్నాను కానీ, అలసిపోయిన రాత్రుళ్లు ఫోన్ పట్టుకుని ఏదో ఒకటి కొనడమే నా అలవాటు. ఈ సంగతి శాతాల లెక్కలో ఎప్పటికీ దొరకదు. అందుకే మొదటి రెండు నెలలకి నా ఓటు పద్దుకే.

అయితే పద్దు చూపిస్తుంది తప్ప ఆపదు. మూడు రోజులు రాయడం మర్చిపోతే అక్కడితో పుస్తకం మూసేస్తాం. అలా మూసెయ్యకండి. తేడా వచ్చిన మొత్తాన్ని ‘గుర్తులేదు’ అని ఒకే వరుసలో రాసి ముందుకెళ్లండి.

ఆపే పని కవరు చేస్తుంది. మూడో వారానికి కవరు పలచబడటం చేతికే తెలుస్తుంది. నోట్లు ఇచ్చేటప్పుడు కలిగే ఆ చిన్న బాధ కార్డు గీసేటప్పుడు ఉండదు. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రెలెక్, సిమెస్టర్ ఆట టికెట్లకి వేలం పెడితే, నగదు ఇవ్వాల్సినవాళ్ల కన్నా కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు చాలా ఎక్కువ పాడారు. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే కడుతున్నాం కాబట్టి కాగితం కవరే కావాలని లేదు, చేయి జారే ఖర్చుకి విడిగా ఒక ఖాతా ఉన్నా చాలు. కవర్లతో వచ్చే చిక్కల్లా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అప్పు తీసుకోవడం. అన్నిటికీ కవరు పెడితే ఆ సర్దుబాట్లకే తల తిరుగుతుంది. అద్దెకి కవరెందుకు, అది ఎలాగూ మారదు కదా! పద్దులో బయటపడ్డ ఒకటి రెండు అదుపు తప్పే ఖర్చులకే పెట్టండి.

ఆదాయం నెలనెలా మారేవాళ్లకి మాత్రం నా సలహా వేరు. వాళ్లకి శాతాలే మేలు, ఎందుకంటే డబ్బు వచ్చినప్పుడల్లా అందులోంచి ఒక వంతు పక్కకి తీయొచ్చు. జీతగాళ్లయితే జీతం పడిన రోజే పొదుపు మొత్తం వేరే ఖాతాకి వెళ్లిపోయేలా బ్యాంకుకి చెప్పి ఉంచాలి. మిగిలితే దాద్దాం అనుకున్న నెలల్లో నాకు ఎప్పుడూ ఏమీ మిగల్లేదు.

ఈ మూడు పద్ధతుల్లో దేన్ని పట్టుకున్నా ఏడాదికోసారి వచ్చేవి లెక్క తప్పుతాయి. బీమా ప్రీమియం, పిల్లల ఫీజులు, వాహనం రిపేరు. మా ఇంట్లో వాటన్నిటినీ కూడి, 12తో భాగించి, ఆ మొత్తాన్ని ప్రతి నెలా ఒకటో తారీఖున ఒక కవరులో వేస్తున్నాం. పైన ‘ముట్టుకోవద్దు’ అని రాసి ఉంటుంది. ప్రీమియం కట్టాల్సిన నెలలో మేం అప్పు అడగకుండా ఉండగలిగింది ఆ కవరు వల్లే.